కంచె లోపలి మంద

పొద్దున బర్సీం గడ్డి మోపులు విప్పేటప్పుడు లింబాద్రి నోరు మెదపకూడదు. అది రూలు. పాట పాడకూడదు, ఫోను మోగకూడదు, దగ్గు వచ్చినా దొడ్డి బయటికి పోయి దగ్గాలి. జంతువులకు మనిషి గొంతు అలవాటైతే రేపు అడవిలో వదిలాక మనిషిని చూసి పారిపోవట, ఏ వేటగాడికో దొరికిపోతాయట. అందుకని తలకు బూడిదరంగు గుడ్డ చుట్టుకుని, తొట్లలో గడ్డి పరిచి, నీళ్లు నింపి, పెంట ఎత్తి, మూగవాడిలా బయటపడాలి. నడక వచ్చినప్పటి నుంచి గొర్లతో మాట్లాడుతూ పెరిగిన కురుమ మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా? కొత్తలో ఒకసారి అలవాటు కొద్దీ నాలుక మడిచి కూత వేశాడు. దొడ్డిలోని జంతువులన్నీ ఒక్కసారి తలలెత్తి చూశాయి. ఆ వారమంతా సూపర్‌వైజర్ షాకీర్ భాయ్ చేత తిట్లు తిన్నాడు.

వాటిని అరబ్బులు ఉదైహి అంటారు, కంపెనీ వాళ్లు ఓరిక్స్ అంటారు. లింబాద్రికి మాత్రం అవి తెల్ల దుప్పులు. తెల్లటి ఒళ్లు, మొహం మీద నల్ల మచ్చలు, బారెడు నిటారు కొమ్ములు. ఒకప్పుడు ఈ లోయ నిండా ఇవే తిరిగేవట. లోయ నిండా తల్హ్ చెట్లు ఉండేవట. తల్హ్ అంటే మన తుమ్మకు సొంత చెల్లెలు, అదే ముల్లు, అదే కాయ. ఒంటెలూ మేకలూ తిని, జనం కట్టెలకు నరికి, నేల బోడిదైపోయింది. అప్పుడు పెద్ద కంచె వేశారు. మొక్కలు నాటారు. ఇప్పుడు పాతకాలపు జంతువులను తెచ్చి వదలబోతున్నారు. అవి మేసి, తొక్కి, పెంట వేసి, గింజలు మోసి తిరుగుతుంటే అడవి తనంతట తానే లేస్తుందట. మంచి ఆలోచనే, ఎవరు కాదన్నారు? కాకపోతే ఆ కంచె వేసిన రోజున అక్కడ మేస్తున్న జీవాలూ, వాటి వెనక తిరుగుతున్న మనుషులూ ఒక్క పూటలో బయటివాళ్లయిపోయారు. వాళ్ల గురించి ఎవరికీ ఏ ఆలోచనా రాలేదు.

అట్లా బయటివాడైనవాడే ఎల్లన్న. జగిత్యాల దిక్కు మనిషి. లింబాద్రిది ఆర్మూరు దిక్కు. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరూ కురుమలు కావడమే చుట్టరికం. కంచెకు చెరో పక్కన నిలబడి మొదటిరోజే మామా అల్లుడా అని పిలుచుకున్నారు. అబూ ఫహద్ అనే ముసలి ఎడారి తెగవాడికి, బదూకు, ఎల్లన్న గొర్రెలూ మేకలూ కాస్తాడు. అబూ ఫహద్ తాత, తండ్రి ఈ లోయలోనే మేపారు. ఇప్పుడు ఆ మందకు మిగిలింది కంచె వెంబడి రాళ్ల నేల. ఈ ఏడు వాన కూడా పడలేదు. జీవాలు రోజంతా జాలీకి మూతులు ఆనించి లోపలి పచ్చదనం వాసన చూస్తూ నడుస్తాయి.

తొట్లలో దుప్పులు సగం గడ్డి వదిలేస్తాయి. మిగిలింది గుంతలో వేసి తగలబెట్టాలి. కళ్లముందు ఎండుకపోయిన మేకలుండగా పచ్చగడ్డికి అగ్గి పెట్టడం లింబాద్రి చేతకాలేదు. గుంత దగ్గరికి మోసుకుపోయినట్టే పోయి, మూల గేటు దగ్గర కంచె మీది నుంచి అవతలికి విసిరేవాడు.

"కండ్లు ఎట్లున్నయ్ మామ?" ఆ రోజు కూడా అదే అడిగాడు.

"పొద్దుగాల జర మంచిగనే. ఎండెక్కినంక అంత పొగ," అన్నాడు ఎల్లన్న. గడ్డి పడిన చప్పుడు విని తల అటు తిప్పాడు కానీ గడ్డిని చూడలేదు.

ఎల్లన్న కళ్లలో నీటికాసుల జబ్బు. పోయిన చలికాలం వీసా ఇచ్చిన యజమాని, కఫీలు అబూ ఫహద్ కాళ్లావేళ్లా పడితే టౌను దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చుక్కల మందు ఇచ్చి, రోజూ తప్పకుండా వేసుకోమన్నాడు. తొందరగా ఆపరేషను చేయించుకోకపోతే ఉన్న చూపు పోతుంది, పోయింది మళ్లీ రాదు అన్నాడు. ఇంటికి పంపమని ఎల్లన్న అడిగితే, బక్రీదుకు పొట్టేళ్లు అమ్ముడుపోయాక దేశం విడిచిపోయే ఎగ్జిట్ ముద్ర కొట్టిస్తానని అబూ ఫహద్ మాట ఇచ్చాడు. ఎల్లన్న ఇప్పుడు బతుకుతున్నది ఆ ఒక్క మాట మీదే. పొట్టేళ్లు బలవాలి, అమ్ముడుపోవాలి, తను చూపుండగా ఊరు చేరాలి. అందుకే లింబాద్రి విసిరే గడ్డికి అంత విలువ.

కానీ ఊరికే తీసుకోవడం ఆ మనిషికి ఇబ్బంది. అటు పక్క లింబాద్రి కష్టం కూడా తెలుసు. మూల గేటు లోపల తల్హ్ మొక్కలు నాటిన మడి లింబాద్రి పూచీలో ఉంది. ఎంత నీళ్లు పెట్టినా మొక్కలు పట్టుకోవడం లేదు, నేల పైన పెంకు కట్టి నీళ్లు పక్కకు జారిపోతున్నాయి. షాకీర్ వచ్చినప్పుడల్లా ఆ మడి దగ్గర నిలబడి తిట్టిపోతాడు.

"ఉత్తగ తినుడు నాకు నచ్చుతలేదు అల్లుడా. ఒక్క రాత్రి నీ మొక్కలల్ల మంద పెట్టిపోత," అన్నాడు ఎల్లన్న.

లింబాద్రి నవ్వాడు. కానీ ఆ మాట చెవిలో ఉండిపోయింది. మంద పెట్టడమంటే ఏమిటో కురుమలకు చెప్పాలా? కోతలయ్యాక రైతులు ఇంటికొచ్చి బతిమాలతారు, మా చేన్ల మంద పెట్టుండ్రి అని. రాత్రంతా జీవాలు చేనులో పడుకుంటే ఆ పెంటకూ ఉచ్చకూ, ఆ గిట్టల తొక్కుడికీ నేల కదులుతుంది. రైతు గింజలిస్తాడు, కల్లు పోయిస్తాడు, మళ్లీ ఏడు కూడా మా దిక్కే రమ్మంటాడు. మంద పెట్టినందుకు ఎవడైనా కోప్పడినట్టు లింబాద్రి వాళ్ల ఇంట్లో ఏ తరంలోనూ వినలేదు.

పెంపుడు జీవాలను లోపలికి రానివ్వకూడదని రూలు ఉందని తెలుసు. ఆ రూలు మొక్కలు తినకుండా అనుకున్నాడు. మొక్కలకు ఇనుప జాలీలు ఉన్నాయి కదా, ఒక్క ఆకు కూడా పోదు. పైగా రేపో మాపో దుప్పులను వదిలేది ఈ పని కోసమే కదా. అట్లా తనకు తానే చెప్పుకుని మర్నాడు సాయంత్రం మూల గేటు తాళం తీశాడు.

*

పొద్దు గుంకుతుండగా మంద లోపలికి వచ్చింది. గేటు ఒక రెక్కే తెరిచారు. ఎల్లన్న సందులో కూర్చుని, దూరిన ప్రతి జీవం వీపు మీద చెయ్యి వేసి పంపాడు. చూపు తగ్గినప్పటి నుంచి అతని లెక్క చేతితోనే. ఇది కుంటిది, ఇది ఈడు తక్కువది, ఇది నిన్న ముల్లు గుచ్చుకున్నది అని గొణుక్కుంటూ, ఒక్కటి తగ్గినట్టు అనిపించి మళ్లీ వెనక్కి పిలిచి చూసుకున్నాడు. మంద చుట్టూ వల తిప్పి మేకులు దిగ్గొట్టారు. పొట్టేళ్లను చివర కట్టారు. దుప్పుల దొడ్డి ఇక్కడికి చాలా దూరం, అయినా లింబాద్రి గొంతు తగ్గించే మాట్లాడాడు.

తన క్యాబిన్ నుంచి అన్నం, పచ్చిపులుసు తెచ్చాడు. ఇద్దరూ మంద పక్కనే కూర్చుని తిన్నారు. జీవాల ఒంటి వాసనకూ నెమరు చప్పుడుకూ లింబాద్రికి ఒళ్లంతా వదులైంది. ఆర్మూరులో తన తండ్రి పొలాల వెంట మంద తిప్పిన కబుర్లు చెప్పాడు. ఎల్లన్న తన భార్య లస్మవ్వ గురించి చెప్పాడు. ఆమె ఫోనులో కళ్ల సంగతి అడిగితే అంతా బాగుందని అబద్ధమాడుతున్నాడట. ఊళ్లో దిగిన రోజు ఆమె మొహం కనబడితే చాలు, ఆపరేషను సంగతి తర్వాత అన్నాడు. బస్సు దిగి గుర్తుపట్టకుండా వేరే ఆడమనిషి వెనక పోతే తన్నులు తింటానని తనే నవ్వాడు.

అప్పటికి లింబాద్రికి కూడా ఛుట్టీ ఖాయమైంది. దుప్పులను వదిలే పండగ, కంపెనీ వాళ్ల జల్సా, ఇంకో వారంలో ఉంది. పెద్దపెద్దవాళ్లు వస్తారు, కెమెరాలు వస్తాయి. అది కాగానే అతను ఊరికి పోవచ్చు. భార్య సునీత రోజూ ఫోనులో అదే అడుగుతోంది.

తెల్లవారకముందే మందను లేపి బయటికి తోలారు. తాళం వేశాక లింబాద్రి దంతె పట్టుకుని పెంటను మట్టిలో కలిపాడు. పెంకు పగిలిన నేల మీద దంతె పళ్లు తేలిగ్గా దిగుతున్నాయి. నీళ్లు వదిలితే ఈసారి జారిపోకుండా అక్కడే ఇంకాయి. అతనికి కడుపు నిండినట్టయింది. ఇన్నాళ్లూ ఈ దేశంలో చేసిన పనుల్లో తన పని అనిపించింది అదొక్కటే.

*

జంతువుల డాక్టరమ్మది జోర్డాన్. వారంలో ఒకట్రెండు సార్లు వస్తుంది. ఎవరినీ తిట్టదు, తొట్టి అంచులు కూడా వేలితో రాసి చూస్తుంది. ఆ పొద్దున దొడ్డిలో ఒక ఆడ దుప్పి మేత ముట్టలేదని, కళ్ల నుంచి నీరు కారుతోందని తెలిసి వచ్చింది. దాన్ని చూసి, నేల ఎట్లా ఉందో చూద్దామని మొక్కల మడి వైపు నడిచింది. అక్కడ గొంతుక్కూర్చుని, మట్టిలోంచి ఒక మేక పెంటికను చేతి తొడుగుతో తీసి అరచేతిలో పెట్టుకుంది.

గబగబా అరబీలో చెప్పుకుపోయింది. మేకల్లో ఒక రోగం ఉంటుంది, మేకలు తట్టుకున్నా ఈ జంతువులు తట్టుకోలేవు, దొడ్డి మొత్తం వారంలో పోతుంది, తరాల కష్టం పోతుంది. లింబాద్రికి అరబీ బాగా వచ్చు. రాకపోయినా అర్థమయ్యేది. ఆమె చెప్పేది పారుడు రోగం. ఒక ఏడు వాళ్ల నాన్న మందలో సగం దానితోనే పోయింది. తెలిసి తెలిసి ఆ సంగతి ఎందుకు తట్టలేదు తనకు? మంద పెడితే మేలే అనుకున్నాడు తప్ప, ఆ మేలు వెంట ఏం వస్తుందో ఆలోచించలేదు.

నిన్న ఎవరినైనా చూశావా అని ఆమె అడిగింది.

"లా, దక్తోరా," అన్నాడు. లేదు, డాక్టరమ్మా. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తను ఏమన్నాడో అతనికే తెలియలేదు.

మధ్యాహ్నానికి పట్నంలో సులై దగ్గరున్న కంపెనీ ఆఫీసు నుంచి షాకీర్ జీపు వేసుకుని వచ్చాడు. రాయచోటి మనిషి. లింబాద్రిని సులై గోదాముల్లో మూటలు మోసే పని నుంచి ఇక్కడికి తెచ్చింది ఆయనే. మూల గేటు దగ్గర దిగి, గిట్టల గుర్తులు చూశాడు. తాళం చూశాడు. తాళం చెక్కుచెదరలేదు. జీపు మెట్టు మీద కూలబడ్డాడు.

"తీసినావా?" అని అడిగాడు.

లింబాద్రి తల ఊపాడు.

"నీకు బుద్దుండాదా? ఇదేమన్నా మీ ఊర్లో రైతు చేననుకుంటివా?"

తిట్టవలసినవన్నీ తిట్టాడు. లేచి జీపు వెనక నుంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. గేటుకు దూరంగా, రాళ్ల మాటున కంచె దగ్గరికి నడిచాడు. తాళం తీసి జీవాలను తోలారంటే కంపెనీ కాంట్రాక్టు పోతుంది, తన పని పోతుంది, లింబాద్రి జైలుకు పోతాడు, తీగె తెగిందంటే తప్పు బయటివాడిది అని నెమ్మదిగా వివరించాడు. అది పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఆయనేమీ దుర్మార్గుడు కాదు. ఇంటి దగ్గర నలుగురిని సాకుతున్నవాడు. భయపడ్డ మంచివాళ్లు చేసే పని ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ రోజు లింబాద్రి చూశాడు.

"గట్టిగా పట్టుకో. లూజుగుంటే తెగదు," అన్నాడు షాకీర్.

లింబాద్రి రెండు చేతులతో తీగెను బిగబట్టాడు. ఒక్కొక్క తీగె తెగినప్పుడల్లా అరచేతిలో జుమ్మని కొట్టింది. కింది వరస తెగేటప్పుడు, మరి ఎల్లన్న మామ సంగతి ఏమిటని అడిగాడు. జీవాలు కఫీలువి కదా, ఆ ముసలాయన చూసుకుంటాడులే అన్నాడు షాకీర్. ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు. అయినా లింబాద్రి దాన్ని నమ్మాడు, ఎందుకంటే నమ్మడం సులువు.

*

మర్నాడు పొద్దెక్కకముందే బండ్లు వచ్చాయి. రోగం అంటకుండా ఒళ్లంతా కప్పే తెల్ల సూట్లు తొడుక్కున్న మనుషులు, రెండు పెద్ద లారీలు, ఒక పోలీసుబండి. అబూ ఫహద్ కూడా తన పాత పికప్‌లో దుమ్ము రేపుకుంటూ వచ్చాడు. దొడ్డికి వేసిన ఆకుపచ్చ పరదా చిరుగులోంచి లింబాద్రికి అంతా కనబడుతోంది. ఆ పొద్దున వాళ్లు కంచెకు ఈ కొసన, దొడ్డికి ఎదురుగానే మందను ఆపారు. ఏం జరిగినా లోపలి పని ఆపవద్దని షాకీర్ చెప్పి పోయాడు. కాబట్టి అతను తొట్లలో గడ్డి వేస్తూనే ఉన్నాడు.

ముసలాయన మొదట గొంతు చించుకున్నాడు. ఈ లోయ మా నాన్నది, మీరు ఎక్కడి నుంచో ఇంటి పేరు లేని జంతువులను తెచ్చి మా ఇంట్లో పెట్టి మమ్మల్ని వాకిట్లో కూడా నిలబడనివ్వరా అన్నాడు. అందులో అబద్ధం ఏముంది? బండ్లతో వచ్చిన అధికారి ఓపికగా విన్నాడు. విని, మంద లోపలికి వచ్చినందుకు జుర్మానా, కేసు, రెండూ యజమాని మీదే పడతాయని చెప్పాడు.

ముసలాయన తలగుడ్డ సర్దుకున్నాడు. ఇంకోసారి సర్దుకున్నాడు. తర్వాత ఎల్లన్న వైపు చూడకుండా, వీడు నా దగ్గరి నుంచి ఎప్పుడో పారిపోయాడు, హురూబ్ పెడుతున్నాను, జీవాలను నాకు తెలియకుండా వీడే ఇటు తోలాడు అన్నాడు.

హురూబ్ అంటే ఏమిటో గల్ఫులో అడుగుపెట్టిన ప్రతివాడికీ తెలుసు. కఫీలు ఒక్క మాట అంటే చాలు, వాడి గుడారంలోనే పడుకుని వాడి గొర్లనే కాస్తున్నవాడు కూడా పారిపోయినవాడు అయిపోతాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు పోతుంది, ఎగ్జిట్ పోతుంది, దొరికినచోట పట్టుకుపోతారు.

ఎల్లన్న గొర్ల దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కల అరబీలో, నేను ఇక్కడే, గుడారం అక్కడే, ఎక్కడికి పోయిన, ఎక్కడికి పోయిన అని తిరిగి తిరిగి అన్నాడు. లారీకి పలకలు వాల్చి జీవాలను ఎక్కిస్తున్నారు. అతను అటు తడుముకుంటూ పోయి, ఎక్కుతున్న వాటి వీపుల మీద చెయ్యి వేయబోయాడు. ఒక తెల్ల సూటు మనిషి అతన్ని మెల్లగా పక్కకు జరిపాడు. అప్పుడు ఎల్లన్న కంచె వైపు తిరిగాడు. ఎండ ఎక్కింది, అతనికి అంతా పొగే. ఎటు చూడాలో తెలియక మొహం అటూ ఇటూ తిప్పాడు.

"అల్లుడా! ఉన్నవా ఆడ? జర వీళ్లకు చెప్పు."

లింబాద్రి చేతుల్లో గడ్డి ఉంది. పిలుపు వినబడినంత దగ్గరలోనే ఉన్నాడు, ఒక్క కేక వేస్తే అందరూ తలతిప్పేవాళ్లు. దుప్పులు అతని పక్కనే నిలబడి గడ్డి కోసం చూస్తున్నాయి. దొడ్డిలో ఉన్నంతసేపూ మనిషి గొంతు వినబడకూడదు. ఆ దిక్కుమాలిన రూలు అంతగా అక్కరకు వస్తుందని అతను ఏనాడూ అనుకోలేదు. పళ్లు బిగించి నిలబడ్డాడు. ఎల్లన్న ఇంకోసారి పిలిచాడు, ఈసారి పేరు పెట్టి. తర్వాత పిలవలేదు. పోలీసుబండి తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది.

సాయంత్రం లింబాద్రి ఎల్లన్న గుడారం దగ్గరికి పోతే చెంబు, చాప, దిండు కింద చుక్కల మందు సీసా ఉన్నాయి. సీసా జేబులో పెట్టుకున్నాడు. క్యాబిన్‌కు వచ్చి, అన్నం వండుకుని, తినలేక పారబోశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అంత అసహ్యంలోనూ, ఛుట్టీ పోలేదు కదా అని మనసు ఒక మూల నుంచి లెక్క వేసుకుంటూనే ఉంది.

*

రక్తం పరీక్షలు వచ్చాయి. దుప్పులకు ఏ రోగమూ లేదు. మేత మానేసిన ఆడది వేడికి నీరసపడిందంతే, మళ్లీ తింటోంది. గొర్రెలకూ మేకలకూ కూడా ఏమీ లేదు. కానీ మందంతటినీ పట్టుకుపోయిన రోజునే చంపి, గోయి తీసి సున్నం వేసి పూడ్చేశారు. ఆ సంగతి చెప్పేటప్పుడు డాక్టరమ్మ లింబాద్రి మొహం వైపు చూడలేదు. జాగ్రత్త కోసం చేయక తప్పలేదు, పాపం అవి అంది. జల్సా అనుకున్న రోజునే జరుగుతుందని కూడా చెప్పింది.

ఆ వీపులన్నీ ఎల్లన్న చెయ్యి వేసి లోపలికి పంపినవి. లింబాద్రి క్యాబిన్ వెనక కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి లేచాక మనసు తేలికపడింది, ఎందుకంటే ఇక చెప్పేస్తానని నిశ్చయించుకున్నాడు. గేటు తీసింది నేనే అంటాడు. ఛుట్టీ పోతే పోతుంది, జైలయితే జైలు. సునీతకు ఏదో ఒకటి చెప్పుకుంటాడు.

షాకీర్‌కు ఫోను చేసి చెప్పాడు. షాకీర్, రేపు ఎట్లాగూ పోలీసు ఠాణాకు రావాలి నువ్వు, ఎల్లన్న తెలుగు తప్ప మాట్లాడటం లేదు, అరబీలో చెప్పేవాడు కావాలని అడిగారు, నాకు అంత అరబీ రాదు, ఇక్కడ రెండూ బాగా తెలిసినవాడివి నువ్వే అన్నాడు. మర్నాడు షాకీర్ జీపులో తీసుకుపోయాడు. ఠాణా ముందు ఆపి, నీ ఇష్టమప్పా అని ఒక్క మాట అని, తను లోపలికి రాకుండా బండిలోనే కూర్చున్నాడు.

ఠాణాలోని అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. లింబాద్రిని కూర్చోమని చాయ్ తెప్పించాడు. ఒక పోలీసు భుజం మీద చెయ్యి వేసుకుని ఎల్లన్న వచ్చాడు. గడ్డం మాసింది, రెండు కళ్లూ ఎర్రగా నీరు కారుతున్నాయి. కుర్చీ అంచు తడిమి కూర్చున్నాడు.

"ఎవలు?" అన్నాడు.

"నేనే మామ. లింబాద్రిని." మందు సీసా తీసి చేతిలో పెట్టాడు. ఎల్లన్న మూత తిప్పి, తల వెనక్కి వాల్చి, అందరి ముందే రెండు కళ్లలోనూ చుక్కలు వేసుకున్నాడు. అధికారి ఆగి, అయ్యేదాకా చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"తీగె తెంపి జీవాలను లోపటికి తోలినవా అని అడుగుతున్నడు," అన్నాడు లింబాద్రి.

"తీగెనా? గేట్ల నుంచి గదా తోలింది," అన్నాడు ఎల్లన్న. అని ఆగాడు. మొహం లింబాద్రి వైపు తిప్పాడు. "ఎవలు తెంపిండ్రు?"

"షాకీర్ భాయ్. నేను పట్టుకున్న."

ఎల్లన్న మందు సీసా మూత బిగించాడు.

"ఆ దినం నువ్వు ఆడనే ఉన్నవు. గడ్డి ఏస్తున్న సప్పుడు ఇనవడ్డది నాకు. నేను పిలువంగనే సప్పుడు ఆగింది."

లింబాద్రి అధికారి వైపు తిరిగి, అయ్యా, ఆ గేటు తాళం నేనే అని అరబీలో మొదలుపెట్టాడు. గేటు, నేను అనే ముక్కలు ఎల్లన్నకు కూడా తెలుసు. చెయ్యి చాచి, తడిమి, లింబాద్రి మణికట్టు పట్టుకున్నాడు. చూపులేని చేతికి అంత బలం ఎక్కడిదో.

"ఆగు. మొన్న నీ షాకీర్ సాబ్ వచ్చిండు. నేనొక్కన్నే అని ఒప్పుకుంటే కేసు ఇయ్యాలనే బందయితదట. వారంల విమానం ఎక్కిస్తరట. ఇంకొకడున్నడంటే కోర్టుకు పోతదట, అది ఎప్పుడు తెగుతదో ఎవలకెరుక. ఎడమ కన్ను పోయింది అల్లుడా. దీపం ముంగట వెట్టినా కనవడ్తలేదు. ఒక్కటున్నది. నీ నిజం కోసం అది గూడ ఇడిచిపెట్టాల్నా?"

"మామ, నేను..."

"చెప్పేటోనివి జీవాలను లారీ ఎక్కియ్యకముందు చెప్పేది ఉండె. ఇప్పుడు నేను చెప్పింది చెప్పు. మంచిగ చెప్పు, తప్పు పోవద్దు."

ఇంతసేపు ఏమంటున్నాడని అధికారి అడిగాడు. లింబాద్రి చల్లారిన చాయ్ ఒక గుక్క తాగాడు. షాకీర్ ఆ మాట ఎవరిని కాపాడడానికి చెప్పాడో, అది నిజమో కాదో తేల్చుకునే దారి అతనికి లేదు. మణికట్టు మీద పట్టు ఇంకా వదలలేదు. నిజం చెప్పడానికి కూడగట్టుకున్న ధైర్యమంతా గుండెల్లో అట్లాగే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తీగె నేనే తెంపాను అంటున్నాడు," అని అరబీలో చెప్పాడు. "మేకలు ఆకలితో ఉన్నాయి, అందుకు తెంపాను, తప్పయింది అంటున్నాడు."

లోపలివాళ్లు ఎవరైనా సాయం చేశారా అని అధికారి అడిగాడు. లింబాద్రి ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాడు.

"ఎవ్వలు లేరు," అన్నాడు ఎల్లన్న.

"ఎవరూ లేరంటున్నాడు," అన్నాడు లింబాద్రి.

అధికారి రాసుకున్నాడు. పోలీసు ఎల్లన్న బొటనవేలు పట్టుకుని సిరా అద్ది, కాగితం మీద నొక్కాడు. ఎల్లన్న ఆ వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. అధికారి కలం మూత పెట్టి, లింబాద్రిని చూసి నవ్వుతూ ఒక మాట అన్నాడు.

"ఏమంటున్నడు?" అని ఎల్లన్న అడిగాడు.

"నా అరబీ మంచిగున్నదంటున్నడు," అన్నాడు లింబాద్రి.

ఎల్లన్న తల ఊపి, అతని మణికట్టు వదిలి, పోలీసు భుజం కోసం చెయ్యి చాచాడు.